ఆవలి రేవులో ఫ్లెక్సీ

గత కార్తీకమాసంలో, మంచు కమ్మిన ఒక ఉదయం, పంటుపై గోదావరి దాటుతుండగా నా పక్కన నిలిచిన పెద్దమనిషి ఆవలి రేవును చూసి గభాలున ముఖం తిప్పుకున్నారు. మంచులోంచి ఒక ఫ్లెక్సీ మెల్లగా తేలివస్తోంది: "బ్రిగేడ్ కమాండర్ గారికి స్వాగతం." కింద ఆయన ఫొటోయే.

"పోయిన నెలలో నన్ను కమాండ్ నుంచి తప్పించారండి," అన్నారు నాతో. "పైవాళ్లు చెప్పినా మా జవాన్ కుర్రాళ్లను వరద ఏటిలోకి దింపనన్నాను. హోదా మిగిలింది గానీ, నడిపించడానికి మనుషుల్లేరు. మా ఊళ్లో ఇంకా తెలీదు. ఈ పంటు మళ్లీ వెనక్కి ఎప్పుడండీ?"

నేను వేళ చెప్పేలోపే పంటు ఒడ్డుకు ఆనింది. దండతో ఎదురొచ్చిన మిత్రునితో ఆయన, దిగకుండానే, "నన్ను తీసేశార్రా," అన్నారు.

మిత్రుడు ఫ్లెక్సీ వంక, ఆయన వంక మార్చి మార్చి చూశాడు.

"అయితే ఏంట్రా? ఫొటో నీదే కదా, దిగు!"

ఆయన దిగారు. రేవు దగ్గర ఎక్కాల్సిన బస్సును ఏనాడూ తప్పిపోనివ్వని నేను, ఆ పూట దాన్ని వదిలేసి, వారిద్దరూ మంచులో కలిసిపోయేదాకా రేవులోనే నిలబడ్డాను.