ఊరమిరపకాయలు నన్ను కాలేజీకి పంపిన వైనం

పోయిన ఆదివారం పాత హ్యాండ్‌బ్యాగు ఒకటి పారేద్దామని దులుపుతుంటే, లోపలి అరలోంచి ఎప్పుడో గడువు తీరిపోయిన నా స్టూడెంట్ కార్డు జారిపడింది. ఫోటోలో నాకు యాభై మూడేళ్ళు, జుట్టుకి రంగు సగమే అంటింది, పరీక్షకి ఆలస్యంగా వచ్చిన దానిలా కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తున్నాను. మా ఆయన కార్డు అందుకుని, కళ్ళజోడు సవరించుకుని మరీ పరిశీలించి, ఓరియెంటేషన్ రోజున నిన్ను చూసి పేరెంట్స్‌కి వేరే గది ఉందని దారి చూపించారు కదా అని గుర్తుచేసి, టీ చల్లారిపోయేదాకా నవ్వారు.

నా ఈడు వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, మన రోజుల్లో చదువంటే ఉద్యోగం వచ్చేదాకా చదివేదే. గుంటూరులో మూడేళ్ళ నర్సింగ్ డిప్లమా చేసి, పెళ్ళై అమెరికాలో ఈ నేపర్‌విల్ వచ్చాక ఇక్కడి పరీక్షలు రాసి, మా అమ్మాయి బడికెళ్ళే రోజుల్లో కిందామీదా పడి డిగ్రీ కూడా పూర్తిచేసి, ఇంక ఈ జన్మకి పుస్తకం పట్టనని వంటింట్లో నిలబడి ప్రకటించాను. ఆ మాట మీద చాలా ఏళ్ళే నిలబడ్డాను కూడా. గుండె జబ్బుల వార్డులో నా పని నాకు తెలుసు, అందరికీ నేను తెలుసు, అంతకంటే ఏం కావాలి అనుకునేదాన్ని.

అలాంటి రోజుల్లో మా వార్డుకి ఒక తెలుగు పెద్దావిడ వచ్చింది. తెనాలి వైపు మనిషి, కొడుకు దగ్గర ఆరు నెలలు ఉందామని వచ్చి, గుండె బలహీనపడి ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆసుపత్రి పాలైంది. నేను సెలవులో ఉండగా డిశ్చార్జ్ చేశారు. ఉప్పు తగ్గించమనే కాగితం చేతికిచ్చి, అందులో పికిల్స్ అన్నచోట బర్గర్‌లో పెట్టే పచ్చటి దోసకాయ చక్రాల బొమ్మ చూపించి, ఇది తింటారా అని అడిగిందట మా అమెరికన్ నర్సు. ఆవిడ ఆ బొమ్మ చూసి, ఛీ, అలాంటివి జన్మలో ముట్టనని గట్టిగా తల ఊపింది. కొడుకేమో కారు తేవడానికి కిందికి వెళ్ళాడు. పది రోజులు తిరక్కుండా కాళ్ళు బుస్సున పొంగి మళ్ళీ మా దగ్గరికే వచ్చింది. ఆ పది రోజులూ ఇంటినుంచి తెచ్చుకున్న ఆవకాయతోనే భోజనం.

ఈసారి నేనున్నాను. పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, పథ్యం చేయలేదా అమ్మా అని అడిగాను. ఆవిడ నా ముఖంలోకి ఆశ్చర్యంగా చూసి, "నాకెవరూ పథ్యం చెప్పలేదమ్మా. చెబితే చేయకపోదునా?" అంది.

గుంటూరు ఆసుపత్రిలో ఇంటికెళ్ళే ప్రతివాళ్ళూ, సిస్టరమ్మా, పథ్యం ఏమైనా ఉందా అని గుమ్మం దగ్గర ఆగి అడిగేవాళ్ళు. చదువుకున్న మహా గర్వంతో మేమంతా అదేం లేదు, అన్నీ తినండి అని వాళ్ళని కసురుకునేవాళ్ళం. డైట్ అంటే ఎవరో ఇచ్చిన సలహా, వింటే వింటాం, లేకపోతే లేదు. పథ్యం అంటే ఆజ్ఞ. బాలింతగా నెలల తరబడి పథ్యం చేసిన మనిషికి ఆ ఒక్క మాట అనకుండా మేం పేజీలకి పేజీలు చేతిలో పెట్టాం.

ఆ పూటే తెలుగులో చీటీ రాసిచ్చాను. ఆవకాయ, గోంగూర పచ్చడి, అప్పడాలు, వడియాలు, మజ్జిగలో ఉప్పు, ఏవీ కూడదు. ఆవిడ అంతా శ్రద్ధగా చదువుకుని, మరి పెరుగన్నంలోకి ఏం నంజుకోవాలని అడిగింది. మా డైటీషియన్లకి ఎవరికీ రాని సందేహం అది. కాసేపు బేరమాడుకుని మామిడిపండు ముక్క దగ్గర ఒప్పందానికి వచ్చాం.

ఆ చీటీ సంగతి విని మా మేనేజరు, ముప్పై ఏళ్ళుగా అదే వార్డులో ఉన్న పోలండ్ వాళ్ళావిడ, నన్ను గదిలోకి పిలిచింది. వాళ్ళ బామ్మ కూడా ఉప్పులో ఊరబెట్టిన క్యాబేజీతోనే ప్రాణం మీదికి తెచ్చుకుందని చెప్పింది. నువ్వు సెలవు పెడితే ఈ చీటీ కూడా సెలవు పెడుతుంది, ఇది ఆసుపత్రి మొత్తానికి పద్ధతి కావాలంటే నర్సింగ్ ప్రాక్టీసులో డాక్టరేట్ చెయ్యి అంది. డాక్టరేట్ అంటే ప్రయోగశాలల్లో కొత్తవి కనిపెట్టేవాళ్ళదని నా అభిప్రాయం. అదే అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపి, ఇది కనిపెట్టే చదువు కాదు, తెలిసినదాన్ని ప్రతి మంచం దాకా చేర్చే చదువు అంది.

దరఖాస్తుకి మూడు వారాలే గడువు. ఎందుకు చదవాలనుకుంటున్నారో రెండు పేజీలు రాయమన్న అప్లికేషన్‌లో నా పేరు తప్ప ఏమీ రాయలేదు. భయం, ఇంకేం లేదు. ఇంగ్లీషులో పెద్ద పెద్ద వ్యాసాలు రాయాలి, నా కూతురి ఈడు పిల్లలతో కూర్చోవాలి, మధ్యలో వదిలేస్తే నలుగురిలో తల ఎత్తుకోలేను. ఈ ఏడాది పంపకపోతే ఇంకెప్పటికీ పంపనని కూడా తెలుసు. మా ఆయన, ఇంట్లో నాకు పథ్యం పెట్టింది చాలక ఊరందరి మీదా పడతావా అని ఆటపట్టిస్తూనే, వారానికి నాలుగు రోజులు వంట తనదని ఒప్పుకున్నారు. కాలేజీలో ఉన్న మా అమ్మాయి ఫోన్‌లో తన తెలుగులో, "అమ్మా, నువ్వు అప్లై చెయ్యి. నేను చదువుతాను నీ ఎస్సే," అంది. అయినా చెయ్యి కదల్లేదు.

గడువు రెండు రోజులుందనగా పెద్దావిడ ఇండియా వెళ్ళేముందు చెకప్‌కి వచ్చి, నన్ను చూసిపోదామని కొడుకుతో వార్డుకి వచ్చింది. ముఖం తేటగా ఉంది, కాళ్ళు మాత్రం కాస్త ఉబ్బి ఉన్నాయి. పథ్యం తప్పారా అని అడిగితే రోషపడింది. సంచిలోంచి నా చీటీ తీసి, మడతలు విప్పి, నా ముందు పెట్టి, "ఇందులో ఊరమిరపకాయలు లేవు కదమ్మా! అందుకే పూటకి రెండే వేయించుకుంటున్నా," అంది.

ఉప్పులో నానబెట్టి ఎండబెట్టిన ఊరమిరపకాయలు! గుంటూరులో చదివినదాన్ని, మిరపకాయలు మరిచిపోయాను. కొడుకు నవ్వాడు, ఆవిడ నవ్వింది, నేను కళ్ళు తుడుచుకునేదాకా నవ్వాను. నవ్వుతూనే నాకు ఒకటి అర్థమైంది. మంచి మనసుతో రాసినంత మాత్రాన చాలదు, ఏం మరిచానో పట్టుకునే పద్ధతి నాకు తెలియదు, అది నేర్చుకోవాలి. భయం పూర్తిగా పోయిందని చెప్పను కానీ, దానికంటే నేర్చుకోవాలన్న కోరిక పెద్దదైంది. ఆ సాయంత్రం మా అమ్మాయికి పంపిన వ్యాసంలో మొదటి వాక్యమే, నేను ఊరమిరపకాయలు మరిచిపోయాను అని. ఒక్క అక్షరం మార్చొద్దంది. సీటు వచ్చిన రోజున వార్డులో అందరికీ లడ్డూలు పంచి, మా రోగులకి మాత్రం పెట్టకుండా మా మేనేజరు కాపలా కాసింది.

నాలుగేళ్ళు పట్టింది. ఇంత సంతోషంగా నేను ఎప్పుడూ చదవలేదు, పరీక్ష కోసం కాకుండా నాకోసం చదవడం అదే మొదలు. ఇవాళ ఆ చీటీ ఎనిమిది భాషల్లో కంప్యూటర్‌లో ఉంది, నిరుడు చేరిన నర్సు కూడా మీట నొక్కి ఇచ్చేస్తుంది, నేను సెలవులో ఉన్నా ఆగదు. నేను కోరుకున్నది అదే. నా పేరుకి ముందు డాక్టర్ అని రాస్తారు, మీటింగులకి పిలుస్తారు, కొత్తవాళ్ళకి పాఠం చెప్పిస్తారు. ఒక్కోసారి ఆ మీటింగుల మధ్య వార్డు మీదుగా నడుస్తుంటే, ఎవరో పిల్ల నర్సు కుర్చీ లాక్కుని ఒక ముసలాయన పక్కన కూర్చుని తాపీగా మాట్లాడుతూ కనిపిస్తుంది. కడుపు నిండినట్టే ఉంటుంది. కాస్త అసూయగా కూడా ఉంటుంది. ప్రతి మంచం దాకా చేర్చాలని బయలుదేరినదాన్ని, చేర్చాను, అక్కడ కూర్చునే తీరికే ఇప్పుడు నాకు లేదు.