కోటయ్య వంతు

కోటయ్య అనగానే నాకు మోచేతుల దాకా వచ్చే నారింజరంగు రబ్బరు గ్లోవ్స్ గుర్తొస్తాయి. వాటిని తొడుక్కునే ముందు వాడు వాచీ తీసి నా చేతికిచ్చేవాడు. క్యాంపు నుంచి ఇంటికి బయల్దేరే ప్రతి ఆదివారం పొద్దున్నా నేను ఆ వాచీ పట్టుకుని దూరంగా నిలబడేవాణ్ణి. మూడేళ్ళపాటు ఆ పనిలో వాడికి నేను చేసిన సాయం అంతే.

పని ట్రెయిలర్‌ది. 2008లో, మాంద్యం వచ్చి జనం ఇళ్ళూ పడవలూ అన్నీ అమ్ముకుంటున్న రోజుల్లో, మా పక్క ఊరు ఎపెక్స్‌లో ఒక రిటైరైన పోస్ట్‌మాన్ భార్య పోయాక తన ట్రెయిలర్‌ని అమ్మకానికి పెట్టాడు. ట్రక్కు వెనక తగిలించుకుని లాక్కెళ్ళే ఇల్లు అది. ఇరవయ్యారు అడుగుల పొడవు, ఆరు పక్కలు, పొయ్యి, ఫ్రిజ్, ఒక మూల బాత్రూము. అమెరికాలో, నార్త్ కరొలైనాలోని క్యారీలో ఒకే వీధిలో ఉండే మూడు కుటుంబాలం కలిసి కొన్నాం. కోటయ్యా వసంతలక్ష్మీ, వాళ్ళమ్మాయి దేదీప్య. మాకంటే ఐదారేళ్ళు పెద్దవాడైన లక్ష్మీపతి గారూ, ఆయన భార్య దమయంతి గారూ. నేనూ, మా ఆవిడ విద్యా. లాగే ట్రక్కు లక్ష్మీపతి గారిది.

అప్పటిదాకా మావాళ్ళ సెలవులంటే హోటల్ గదులే. బాత్రూములో రైస్ కుక్కర్ పెట్టి, తలుపు కింద తువ్వాలు కుక్కి, పొగకి అలారం మోగుతుందేమోనని బిక్కుబిక్కుమంటూ పోపు వేసుకున్న వాళ్ళమే అందరం. ట్రెయిలర్‌తో ఆ దొంగతనం తప్పింది. జోర్డాన్ లేక్ ఒడ్డున, చెట్ల కింద ట్రెయిలర్లు ఆపుకునే క్యాంపులో మా పక్కన దిగేవాళ్ళు ఎలక్ట్రీషియన్లు, స్కూలు బస్సు డ్రైవర్లు, రిటైరైన నర్సులు. విమానాల్లో ఫ్లోరిడా వెళ్ళే స్తోమత లేక వాళ్ళ తాతల కాలం నుంచీ అలాగే సెలవులు గడుపుతున్న మనుషులు. ప్రతి ఏడూ అదే వారం, అదే చెట్టు కింద. మొదటి రోజే ఒక ముసలావిడ మాకు కట్టెలు తెచ్చిచ్చింది. వసంతలక్ష్మి పులిహోర పంపింది. మర్నాడు ఆ ముసలావిడ గిన్నె కడిగి తెచ్చి, "దట్ ఎల్లో రైస్" ఇంకా ఉందా అని అడిగింది.

అమ్మేటప్పుడు ఆ పోస్ట్‌మాన్ గంటసేపు అన్నీ విడమరిచి చెప్పాడు. ట్రెయిలర్ అడుగున రెండు ట్యాంకులుంటాయి. సింకు నీళ్ళు బూడిదరంగు ట్యాంకులోకీ, టాయిలెట్‌వి నల్ల ట్యాంకులోకీ పోతాయి. తిరిగి వెళ్ళేటప్పుడు క్యాంపు గేటు దగ్గర మూతపెట్టిన గొయ్యి ఒకటుంటుంది. లావాటి పైపు తగిలించి ముందు నల్లది ఖాళీ చెయ్యాలి, తర్వాత బూడిదరంగుది వదలాలి. సబ్బునీళ్ళకి పైపు శుభ్రమవుతుంది. ఆయన ఆ సంగతి చెబుతుంటే లక్ష్మీపతి గారు ఫోను చూసుకున్నారు. నేను టైర్లు చూశాను. కోటయ్య ఒక్కడే ఆయన పక్కన గొంతుక్కూర్చున్నాడు.

దమయంతి గారు ట్రెయిలర్ లోపల వంట చెయ్యనన్నారు. "పొయ్యికీ దొడ్డికీ మధ్య ఆరడుగులు లేదు. దేవుడి పటం ఎక్కడ పెట్టనమ్మా?" అన్నారు. అందుకని వంటంతా బయట బల్ల మీదే. ఆ బాత్రూములో ఒంటికి మాత్రమే వెళ్ళాలి, రెండోదానికి క్యాంపు వాళ్ళ బాత్రూములకి నడవాలి అని ఆడవాళ్ళు ఒక రూలు కూడా పెట్టారు. దేదీప్య వర్షం పడినప్పుడల్లా ఆ రూలు తప్పేది, పెద్దవాళ్ళం కూడా అప్పుడప్పుడూ తప్పేవాళ్ళం. నల్ల ట్యాంకు ఎప్పుడూ ఖాళీగా ఉండేది కాదు.

మొదటి ట్రిప్పులో ఆ పని ఎవరు చేస్తారని ఎవరూ అడగలేదు. గేటు దగ్గర ట్రక్కు ఆగింది. లక్ష్మీపతి గారు స్టీరింగ్ వదల్లేదు. నేను దిగి, నిలబడ్డాను.

"నేను చూస్కుంటాలేరా శశీ. ఈ వాచీ పట్టుకో" అన్నాడు కోటయ్య.

ఆ తర్వాత అది వాడి పనైపోయింది.

వాడికి అది కొత్త కాదని, వసంతలక్ష్మి కాక మాలో నాకొక్కడికే తెలుసు. 2001లో ఇద్దరం రాలీలో ఎమ్మెస్ చదువుతూ ఇంకో ఇద్దరితో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. డిసెంబరు సెలవుల్లో టాయిలెట్ పొంగింది. తక్కిన ఇద్దరూ లైబ్రరీకి పారిపోయారు. కోటయ్య బట్టలు ఆరేసే తీగ ఊడదీసి, వంచి, పది నిమిషాల్లో బాగుచేశాడు. తర్వాత సింకు దగ్గర మూడుసార్లు చేతులు కడుక్కున్నాడు. నా వైపు తిరక్కుండానే చెప్పాడు.

"మా నాన్న తెనాలి మున్సిపాలిటీలో ఈ పనే చేశాడ్రా. మ్యాన్‌హోల్లో దిగేవాడు. చిన్నప్పుడు మాకు సెలవులంటే ఆయన వెనకాల తీగ మోసుకెళ్ళడమే. నేనిటు వచ్చే ముందు ఏడు పోయాడు."

నేను తువ్వాలు అందించాను.

"ఎవరికీ చెప్పకు. ఇక్కడన్నా అది లేకుండా ఉండనీ."

"చెప్పన్రా" అన్నాను.

తొమ్మిదేళ్ళు చెప్పలేదు. విద్యకి కూడా చెప్పలేదు.

2010 జనవరిలో లక్ష్మీపతి గారు ఇండియా వెళ్ళారు. తెనాలిలో ఉండే తమ్ముడు సత్యానికి ఇమ్మని కోటయ్య ఆయనతో ఒక లాప్‌టాప్ పంపాడు. ఆయన ఇచ్చి, కాఫీ తాగి వచ్చారు. ఈ చిన్న సంగతి ఎందుకు చెబుతున్నానో ముందుకెళితే తెలుస్తుంది.

ఆ వేసవిలో మళ్ళీ క్యాంపుకి వెళ్ళాం. ఒక మధ్యాహ్నం లక్ష్మీపతి గారూ నేనూ క్యాంపు కొట్టులో ఐసు కొనుక్కుని నడిచి వస్తున్నాం.

"ఏమైనా కోటయ్య ఘటికుడయ్యా. నాకైతే ఆ పైపు చూస్తేనే తిన్నది బయటికొస్తుంది. మొహం కూడా చిట్లించడే!" అన్నారాయన.

మెచ్చుకోలుగానే అన్నారు. నాకూ స్నేహితుణ్ణి ఇంకాస్త మెచ్చుకోవాలనిపించింది.

"వాళ్ళ నాయన మున్సిపాలిటీల గదే పని చేసిండు కదా. చిన్నప్పటి సంది చూసిండు. అక్కడికెల్లి ఇక్కడిదాకా వచ్చిండంటే మాటలా?"

ఆయన ఆగారు. రెండు చేతుల్లోనూ ఐసు సంచులు. "ఓహో" అన్నారు.

"ఎవరికీ అనకండి."

"అబ్బే, మనకెందుకయ్యా."

ఆ సాయంత్రం దమయంతి గారు కోటయ్యకి కాఫీ పేపర్ కప్పులో ఇచ్చారు. మిగతా అందరికీ స్టీలు గ్లాసుల్లో. గ్లాసులు తక్కువయ్యాయేమో అనుకున్నాను. తర్వాతి ట్రిప్పుల్లోనూ తక్కువవుతూనే వచ్చాయి.

2011 జూన్‌లో బల్ల దగ్గర అందరం భోజనాలు చేస్తున్నాం. అంతకుముందు రోజంతా వాన, ట్యాంకు నిండిపోయింది. మధ్యలో ఒకసారి ఖాళీ చేస్తే మంచిదని వసంతలక్ష్మి అంది. "ఈసారి ఎవరైనా చెయ్యి వెయ్యండి, ఆయనకి భుజం పట్టేసింది" అంది.

లక్ష్మీపతి గారు పెరుగు కలుపుకుంటూ నవ్వారు.

"మనం చెయ్యి పెడితే పాడైపోతుందమ్మా. మనవాడికంటే వారసత్వంగా వచ్చిన విద్య. మనకెలా పట్టుబడుతుంది?"

ఎవరూ నవ్వలేదు. ఎవరూ తలెత్తలేదు కూడా. మా ఆవిడకి తప్ప అందరికీ అర్థమైందని ఆ తలలు దించుకోవడంలోనే తెలిసిపోయింది. ఏడేళ్ళ దేదీప్య తండ్రి మోచేయి పట్టుకుంది.

"నాన్నా, వారసత్వం అంటే వాట్?"

"ఇంట్లోంచి వచ్చేదమ్మా" అన్నాడు కోటయ్య. "నీకు రాదులే. తిను."

చెయ్యి కడుక్కుని, గ్లోవ్స్ తీసుకుని లేచాడు. ఆ రోజు వాచీ నాకివ్వలేదు. జేబులో వేసుకున్నాడు.

ఇక రాడేమో అనుకున్నాను. ఆగస్టు ట్రిప్పుకి వచ్చాడు. వచ్చి, ట్రెయిలర్ తలుపు లోపలివైపు ఒక కాగితం అతికించాడు. పైన 'ట్యాంకు వంతులు' అని తెలుగులో రాసి ఉంది. కింద మూడు పేర్లు. శశికాంత్, లక్ష్మీపతి, కోటయ్య. బల్ల మీద మూడు జతల కొత్త గ్లోవ్స్ పెట్టాడు.

"ఇదేంటయ్యా, ఆఫీసులా?" అన్నారు లక్ష్మీపతి గారు. "నాకసలే నడుం నొప్పి."

"మీది రెండో వంతండీ. అప్పటికి తగ్గిపోతుంది" అన్నాడు కోటయ్య.

ఆ ఆదివారం గేటు దగ్గర నేను దిగాను. గ్లోవ్స్ తొడుక్కుంటే లోపల చేతులు చెమట పట్టాయి. పైపు తగిలించి, ఆత్రంలో బూడిదరంగు ట్యాంకు పిడి పట్టుకున్నాను.

"అది కాదురా. ముందు నల్లది."

నల్లది లాగాను. పైపు ఒక్కసారి బరువెక్కి చేతుల్లో కదిలింది. వాసనకి కళ్ళు మూసుకున్నాను. కోటయ్య నా పక్కనే, ఇన్నాళ్ళూ నేనెప్పుడూ నిలబడనంత దగ్గరగా నిలబడ్డాడు.

"శశీ, ఒకటడుగుతా. నువ్వు చెప్పావా ఆయనకి?"

కళ్ళు తెరిచాను. వాడు నన్ను చూడటం లేదు, పైపు జారకుండా చూస్తున్నాడు. ఔననడానికి ఒక్క మాట చాలు.

"నేను చెప్పలే" అన్నాను. "నేనెందుకు చెప్తా?"

వాడు గట్టిగా ఊపిరి వదిలాడు. వాడి భుజాలు దిగడం చూశాను. నేను కాదని తెలిసి వాడికి హాయిగా అనిపించింది.

"అయితే మావాడే. లాప్‌టాప్ ఇవ్వడానికి ఈయనెళ్ళినప్పుడు కూర్చోబెట్టి అంతా వాగుంటాడు, సత్యం గాడు. వెధవ. వాడికి లక్షసార్లు చెప్పాను."

అప్పుడైనా చెప్పొచ్చు. ట్యాంకు ఖాళీ కావడానికి రెండు మూడు నిమిషాలు పట్టింది. ఆ రెండు మూడు నిమిషాలూ నేను పైపు వంకే చూస్తూ నిలబడ్డాను.

"గట్టిగా పట్టుకో, జారుద్ది" అన్నాడు కోటయ్య.

రెండో వంతు రాలేదు. ట్రక్కు మార్చేస్తున్నానని లక్ష్మీపతి గారన్నారు. లాగే బండి లేకపోవడంతో ఆ అక్టోబరులో ట్రెయిలర్ అమ్మేశాం. ఆ రెండు ఇళ్ళ మధ్యా రాకపోకలు పోయాయి. కోటయ్య మా ఇంటికి మాత్రం ఎప్పటిలాగే వచ్చేవాడు. శనివారం సాయంత్రాలు మా డెక్ మీద కూర్చుని టీ తాగేవాడు. ఒకసారి వసంతలక్ష్మి వాణ్ణి తమ్ముడితో మాట్లాడమని పోరుతుంటే విన్నాను. "సత్యం ఫోన్ చేస్తే తీయరు అన్నయ్యగారూ, మీరైనా చెప్పండి" అంది నాతో. నేను కోటయ్యతో, "మాట్లాడొచ్చు కదరా" అన్నాను. "నీకు తెలీదులేరా" అన్నాడు వాడు.

2014 ఫిబ్రవరిలో, ఆఫీసు పార్కింగ్ లాట్‌లో కారు తలుపు తీస్తూ కోటయ్య పడిపోయాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళు. గుండె అన్నారు. సత్యానికి వీసా దొరకలేదు. అంత్యక్రియల రోజు లాప్‌టాప్ తెరిచి అతనికి అన్న ముఖం చూపించింది నేనే. అందరూ వెళ్ళాక కూడా అతను కాల్ కట్ చెయ్యలేదు.

"అన్నయ్యా, మూడేళ్ళు కావస్తోంది అన్న నాతో మాట్లాడి. నేనేం చేశానో చెప్పలేదు. మీకేమన్నా చెప్పాడా?"

"తెలియదు సత్యం" అన్నాను.

అది రెండోసారి.

ఏడాది గడిచింది. సంవత్సరీకం రోజున చదవడానికి కోటయ్య గురించి ఏదైనా రాసివ్వమని వసంతలక్ష్మి అడిగింది. సత్యం కూడా స్కైప్‌లో వింటాడంది. మంచివాడు, కష్టపడి పైకొచ్చాడు, పిల్లంటే ప్రాణం, ఇలా నాలుగు మాటలు చాలునని అందరూ అనుకుంటారు. అవన్నీ నిజమే. కానీ వాడు ఆఖరి రెండున్నరేళ్ళు తమ్ముడి గొంతు వినకుండా పోయింది నా వల్ల. అది వదిలేసి రాస్తే వాడి కథ కాదు. అలాగని ఈ సంగతి సత్యానికి మొదట పదిమందిలో తెలియకూడదు. మొన్న ఆదివారం పొద్దున, అక్కడ సాయంత్రం, ఫోన్ చేశాను.

ఐసు సంచుల దగ్గర్నుంచి పైపు దాకా అంతా చెప్పాను. అతను మధ్యలో ఆపలేదు. చెప్పడం అయిపోయాక వాళ్ళ వీధిలో మోటారు సైకిల్ పోతున్న చప్పుడు వినిపించింది.

"లక్ష్మీపతి గారితో నేను క్రికెట్ గురించి మాట్లాడానండీ, అంతే" అన్నాడు చివరికి. ఇన్నాళ్ళూ అన్నయ్యా అన్నవాడు అండీ అన్నాడు. "ఒక్కసారి అన్న నన్నే అడిగుంటే బాగుండేది. మిమ్మల్ని అడిగాడు."

క్షమించమని నేను అడగలేదు.

"మరి అన్న ఆ పని అక్కడ కూడా చేశాడాండీ? అమెరికాలో?"

"చేసిండు సత్యం. మూడేండ్లు. మా అందరిదీ."

"చేత్తోనా?"

"గ్లోవ్స్ ఉండేవి. మోచేతుల దాకా."

"నాన్నకి ఇవ్వలేదండీ గ్లోవ్స్" అన్నాడు.

ఇవన్నీ రాస్తే పదిమందిలో మీ నాన్న పని సంగతి బయటపడుతుంది, వద్దంటే రాయను అన్నాను.

"రాయండి" అన్నాడు. "అన్న దాచాడు, నేనూ దాచాను. ఏం మిగిలింది? రాయండి. నాన్న పేరు మరిదాసు. అది కూడా రాయండి."

అని పెట్టేశాడు. ఆ తర్వాత రెండుసార్లు చేశాను. తీయలేదు.