బాపు బిగించిన వల

మా బాపు మగ్గం నేసేటోడు. సిద్దిపేటల నేను టెన్నిస్ నేర్చుకున్న వల కూడా ఆయన అల్లిందే. ఆ ఆటను ఆయన పేపర్ల బొమ్మల తప్ప ఎన్నడూ చూడలే. అందుకే మగ్గం మీద పడుగు దారాలు లాగినట్టు రెండు గుంజలకు బిగించి, నడుమ వెంట్రుకంత వదులు లేకుండ కట్టిండు. గెలిస్తే పైసలిచ్చే పోటీకి నేను మొదటిసారి హైదరాబాద్ పోతుంటే ఒక్కటే మాటన్నడు: "ఓడినవంటే వచ్చి మగ్గం మీద కూసో."

అక్కడ కోర్టు చూస్తే నాకేం సమజ్ కాలే. వల నడుమ కిందికి వంగి ఉన్నది. పైగా ఎవరో తెల్లపట్టీతోని దాన్ని నేలకు గుంజి కట్టిన్రు. పాపం, కట్టరాలేదేమో అనుకొని పట్టీ విప్పబోయిన. అంపైర్ సారు కుర్చీలకెల్లి దిగి ఉరికొచ్చిండు.

"ఏయ్, ఏం చేస్తున్నవయ్యా?"

"వదులైంది సార్, బిగిస్తున్న."

"అది గట్లనే ఉంటది! ప్రపంచమంత గట్లనే ఉంటది!"

ప్రపంచం తప్పా, మా బాపు తప్పా? ఆ అయోమయంలనే ఆడిన. ఎత్తు వలకు అలవాటైన చెయ్యి కదా, కొట్టిన ప్రతి బంతీ గీత దాటిపోయింది. అర్ధగంటల ఓడిన.

గాలిదుమారం బంతులను ఎత్తుకపోయిందని ఊరందరికీ చెప్పిన. బాపుకు మాత్రం ఉన్నదున్నట్టు చెప్పి మగ్గం దిక్కు నడిచిన.

"ఆగురా. నడుమ వదులున్న బట్ట నేస్తే కొనే సేటు మొహాన కొడ్తడు. గాళ్లు దాన్నే పద్ధతంటున్నరా?"

బాపు చానసేపు తల గోక్కున్నడు. ఆఖరికి మగ్గానికి బరువుగ కట్టే రాయి ఒకటి తెచ్చి, తన వల నడుమ కిందికి వంగేటట్టు వేలాడగట్టిండు.

"పో, ఆడు. వల బిగించింది నేను, ఓడింది నువ్వు కాదు."