సముద్రం కింద వరి

మొన్న మా మనవరాలి సండేస్కూల్ టీచరమ్మ ఏదో ఆన్‌లైన్ కోర్సు చేసి, సర్టిఫికెట్టు ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టింది. అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టినారు, నేనూ ఒకటి పెట్టినాను. పెట్టి, ఫోను బోర్లించి కూచున్నాను. అట్లాంటి కాగితం కోసం మా చిన్నమ్మ పడిన పాట్లు ఆ పిల్లకేం తెలుసు పాపం!

డెబ్బైల చివర, వరసగా వానలు మొహం చాటేసిన కాలం. బుక్కరాయసముద్రం చెరువు పక్కన మా పల్లె. మా అమ్మ పోయినాక నన్ను సాకింది చిన్నమ్మే. ఆమెకూ మొగుడు లేడు. మిషన్ బడిలో పిల్లలకు దేవుని పాఠాలు చెప్పేది. దానికి కాంపౌండులో ఒక గది, నెలనెలా కొన్ని రాగులు. ఆ గదిలో చిన్నమ్మా, నేనూ, కండ్లు కనపడని మా అవ్వా. అట్లుండగా పైనుంచి కొత్త నియమం వచ్చింది. పరీక్ష పాసై సర్టిఫికెట్టు ఉన్నోళ్ళే ఇకమీద దేవుని పాఠం చెప్పల్ల, లేనోళ్ళు గది ఖాళీ చేయల్ల.

రాత పరీక్ష ఎట్లో గట్టెక్కింది. మిగిలింది అధికారి ముందర పాఠం చెప్పడం. ఆయన కోస్తా మనిషని తెలిసి చిన్నమ్మ మాట మార్చుకునే పనిలో పడింది. 'చేసినాడు' కాదు 'చేశాడు', 'యాడ' కాదు 'ఎక్కడ'. ఇంట్లో కూడా అదే. సంగటి కెలుకుతా, అమ్మా భోజనం చేశావా అని అడిగితే, అవ్వ ఎవరో కొత్తోళ్ళు వచ్చినారనుకొని కొంగు సర్దుకునేది. ముగ్గురం నవ్వేవాళ్ళం. నవ్వి నవ్వి చిన్నమ్మ ఉన్నట్టుండి ఏడ్చేది. గది పోతాదనే భయం ఆమెను నిలవనీయలేదు.

ఆ దినం ఇచ్చిన పాఠం సృష్టి. దేవుడు ఆకాశాన్ని చేశాడు, భూమిని చేశాడు, సముద్రాన్ని చేశాడు అని పొల్లు పోకుండా చెప్పింది. వెనక వరసలో ఉన్న నాకు ప్రాణం లేచొచ్చింది. అంతలో ముందర కూచున్న పిల్ల ఒకటి లేచి, సముద్రం ఎండిపోయింది కదా టీచర్, దేవుడు మళ్ళీ చేస్తాడా అని అడిగింది. మా దిక్కు ఆ చెరువును సముద్రమనే అంటారు. ఆ ఏడు దాంట్లో బీటలు తప్ప ఏమీ లేవు. చిన్నమ్మ మొహం మారిపోయింది. నేర్చుకున్న మాటలన్నీ యాడికి పోయినాయో!

"చేస్తాడు పాపా. సముద్రం నిండుతాది. దాని కింద మళ్ళీ వరి నాటుతారు. అందరం బువ్వ తింటాం" అనింది.

అధికారి కలం ఆపి, సముద్రం కింద వరి పండుతుందా అని అడిగినాడు.

"పండుతాది సార్. మా నాయన మడి ఆడే ఉండె."

ఆయన కాగితం మీద ఏదో రాసి సంతకం పెట్టినాడు. మ్యాపులో నీలంగా ఉండే సముద్రం చిన్నమ్మకు తెలీక కాదు. ఆ పూట తోచలేదు, అంతే. పాస్టరయ్య పోయి చెరువు సంగతి విడమరిచి చెప్పినాడు. అధికారి అయ్యో అన్నాడు గానీ, తప్పిందని రాసి సంతకం పెట్టినాక మార్చకూడదన్నాడు. చిన్నమ్మ జీపు దాకా వెంటబడింది.

"మా అమ్మకు కండ్లు లేవు సార్. గది పోతే ఆమెను యాడ పెట్టుకోవల్ల? ఈ ఒక్కతూరి పాస్ చేయండి."

ఆయన చెడ్డవాడు కాదు. నెమ్మదిగానే చెప్పినాడు. "మళ్ళీ పరీక్ష పెడతాం కదా. ఏడాదెంతమ్మా, ఇట్టే తిరిగొస్తుంది."

గది ఖాళీ చేసి, ఊరి బయట కొట్టం వేసుకున్నాం. చిన్నమ్మ కరువు పనికి పోయి చెరువులో పూడిక మట్టి మోసింది. నడి ఎండాకాలంలో అవ్వకు వడదెబ్బ తగిలింది. గదికి ఎప్పుడు పోదామే అని అడుగుతా అడుగుతానే పోయింది.

మరుసటేడు వానలు పడినాయి, పరీక్షా వచ్చింది. చిన్నమ్మ పాసయింది. అదే గది మళ్ళీ ఇచ్చినారు. తాళం తీసి, అవ్వ పడుకునే మూల చూసి, గడప కాడే కూలబడిపోయింది. ఏడాది తిరిగొచ్చింది, నిజమే. అవ్వను మాత్రం తీసుకరాలేదు.