అమ్మ చీరలు పొడుగైన ఏడాది

అమ్మ చీరలు నేలను ఊడ్చడం మొదలైనప్పుడు ఆమె మొదట మిల్లువాళ్లను అనుమానించింది. ధర్మపురిలో మాది బట్టల అంగడి. "పన్నా పెంచినారు" అని నాన్నతో వాదన. నాన్న మీటరు కడ్డీ తెచ్చి చీర వెడల్పు కొలిచి చూపిస్తే, కడ్డీనే మార్చినారంది. వంటింట్లో పై అర అందకపోతే, సున్నం వేసినవాళ్లు దాన్ని ఎత్తుకు జరిపారంది. తను పొట్టిదవుతోందని మాత్రం ఒప్పుకోలేదు.

నడుంనొప్పితోనే రోజూ వీధి పంపు నుంచి ఇత్తడి బిందెలు మోసేది. ఎముకలు గుల్లబారినట్టున్నాయని, ఇలాగే బరువులు మోస్తే మంచాన పడుతుందని డాక్టరు నాతో అన్నాడు. ఎముకల సాంద్రత కొలిచే యంత్రాలు ఎనభైలలో మా ఊరికి ఇంకా రాలేదు. ఎక్స్‌రే ఒక్కటే దారి.

"నొప్పి ఉండదు. పక్కకు తిరిగి పడుకుని కాసేపు ఊపిరి బిగబట్టాలి, అంతే," అన్నాను.

"నొప్పి లేకుండా లోపలిది వాళ్లకి ఎట్ల తెలుస్తుంది?" అంది అమ్మ.

ఒంటిమీద లోహం ఉండకూడదన్నారు. మెడ బోసిగా ఉంచకూడదు కనుక అమ్మ పసుపుతాడుకు పసుపుకొమ్ము కట్టుకుని, తాళి తీసి చిన్న మూటగట్టి నా చేతికిచ్చింది. విప్పి చూడనని ఒట్టు వేయించుకుంది. ఆ ఒట్టు ఎందుకా అని నాకూ అనుమానమే.

రెండు నిమిషాల్లో అయిపోయింది. బయటికొచ్చి, బల్ల చల్లగా ఉందని మాత్రం సణిగింది.

డాక్టరు ఫిల్మును వెలుతురుకు పట్టి, అణిగిపోయిన రెండు వెన్నుపూసలను చూపించాడు. అమ్మ నా చెవి దగ్గరికి వంగింది.

"ఇది నాది కాదు. ఎవరో ముసల్దాని ఫిల్ము తెచ్చి చూపిస్తా ఉండాడు. పోదాం పా."

"ఇక్కడేదో బిళ్ల ఉందే," అన్నాడు డాక్టరు. పూసల ముందు తెల్లగా, గుండ్రంగా ఏదో కనిపిస్తోంది.

అమ్మ చెయ్యి పసుపుకొమ్ము మీదికి పోయింది. ఒట్టు సంగతి మరిచి మూట విప్పాను. తాళిబొట్లు రెండు ఉండాలి, ఒకటే ఉంది. పుట్టింటివాళ్లు పెట్టిన బొట్టును నన్ను కూడా నమ్మక కొమ్ము వెనకాల దారానికి కట్టుకుని దాచింది. నాకు కోపం వచ్చింది, మరుక్షణమే ఏడుపు వచ్చింది. ఫిల్ము ఆమెదేనని ఇక ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

మర్నాడు పొద్దున చూస్తే బిందెలు గడప దగ్గరే బోర్లించి ఉన్నాయి. అమ్మ అంగట్లోంచి మీటరు కడ్డీ తెచ్చి నాకిచ్చి, గోడకు ఆనుకుని నిలబడింది.

"ఎంత ఉండానో కొలిచి చూడు. మీ నాయనకు చెప్పొద్దు."