నెరీడా కదిల్చిన స్టేషన్

నెల మొదటి శనివారం పొద్దున్నే నెరీడా హాలెట్ గడ్డి కోసే మిషన్‌ను పెరటి గేటులోంచి తోసుకుంటూ రైలు కట్ట ఎక్కుతుంది. యాభై ఏళ్లుగా రైలు రాని కట్ట అది. దాని పక్కన మంచమంత వెడల్పు ప్లాట్‌ఫారం, దాని మీద ఇనప కాళ్ల ఆకుపచ్చ బెంచీ. బెంచీకి రెండేళ్లకోసారి రంగు వేసేదీ, చుట్టూ గడ్డి కోసేదీ ఆవిడే. చెయ్యమని ఎవరూ అడగలేదు. చెయ్యొద్దని మాత్రం రైల్వే వాళ్ల నుంచి రెండు ఉత్తరాలు వచ్చాయి. రెంటినీ శ్రద్ధగా చదివి, చలికాలంలో పొయ్యి రాజెయ్యడానికి వాడుకుంది.

కట్ట వెంబడి సైకిళ్ల దారి ఉంది. అటుగా పోయేవాళ్లు ఆమెను ఆటపట్టించకుండా పోరు.

"ఏం స్టేషన్ మాస్టర్, బండి ఎప్పుడు?"

"కాస్త ఆలస్యం," అంటుంది నెరీడా తల ఎత్తకుండా. 

ఈ పట్టుదలకు ఒక కారణం ఉంది. హోబార్ట్ నగరంలో ఉత్తరపు పేటలకు రైలు నడిచిన ఆఖరి రోజున ఆమెకు పదిహేడేళ్లు. పొద్దున ఈ ప్లాట్‌ఫారం మీదే ఎక్కి ఊళ్లోకి వెళ్లింది, బట్టల కొట్లో పనికి. సాయంత్రం ఆఖరి బండికి అరగంట టైముంది కదా అని రేవులో స్కాలప్ పై కోసం, అంటే కర్రీ పొడి వేసిన ఆల్చిప్పల మాంసం కూరి కాల్చిన రొట్టె కోసం, వరసలో నిలబడింది. వరస కదల్లేదు, బండి కదిలిపోయింది. చేతిలో వేడి వేడి పై పట్టుకుని ఏడుస్తూ నిలబడ్డ పిల్లను, వరసలో వెనకాల ఉన్న క్లైవ్ అనే కుర్రాడు తన డొక్కు కారులో ఇంటి దగ్గర దింపాడు. మరుసటి ఏడాది పెళ్లి. "రైలు కన్నా నేనే నయం కదా," అని క్లైవ్ ఇప్పటికీ అంటాడు. "రైలు ఇంత గురక పెట్టదు," అని నెరీడా ఇప్పటికీ జవాబిస్తుంది.

యాభై ఏళ్లు ఆ కారే, దాని తర్వాతి కార్లే, ఇద్దరినీ తిప్పాయి. నెరీడా డ్రైవింగ్ నేర్చుకోలేదు. నేర్చుకుంటే రైలు మీద ఆశ వదులుకున్నట్టే అని ఆవిడ లెక్క. మొండితనానికి ఏ పేరైనా పెట్టుకోవచ్చు. కిందటేడు క్లైవ్ చూపు బాగా తగ్గి లైసెన్సు తిరిగి ఇచ్చేయాల్సి వచ్చింది. కారు అమ్మేశారు. ఇక కంటి ఆసుపత్రికైనా, కూరగాయలకైనా బస్సే దిక్కు. ఆ బస్సు గంటకోసారి, ఆదివారాలైతే బుద్ధి పుట్టినప్పుడు. ఎనిమిదిన్నరకు డాక్టరు దగ్గర ఉండాలంటే ఆరింటికి బయల్దేరాలి. చూపులేనివాళ్ల తెల్ల కర్ర పట్టుకోనని పంతం పట్టి, బెంచీకి పోగా మిగిలిన ఆకుపచ్చ రంగు చీపురుకర్రకు పూసుకుని తిరుగుతున్నాడు క్లైవ్. అతణ్ణి బస్సు మెట్లెక్కించిన ప్రతిసారీ నెరీడాకు దుఃఖం వచ్చేది. పెరటి గేటు దాటితే స్టేషన్! అక్కడ బండి ఆగితే ఎంత బాగుణ్ణు!

ట్రాములాంటి లైట్ రైలు వస్తుందన్న కబురు మా పేటవాళ్లకు కొత్త కాదు. ఎన్నికలతో పాటు వస్తుంది, ఎన్నికలతో పాటే పోతుంది. కానీ ఈసారి మ్యాపుతో సహా వచ్చింది. మార్చి నెలలో ఒక శని, ఆదివారాలు బౌల్స్ బంతులాట క్లబ్ హాల్లో ఆ మ్యాపును గోడ మీద ఈ మూల నుంచి ఆ మూలకు పరిచారు. బయట ఉల్లిపాయలేసి సాసేజీలు కాలుస్తున్నారు. ఆ వాసనకే సగం పేట హాజరైంది. లోపల పసుపు కోటు తొడుక్కున్న హామిష్ అనే కుర్ర ఇంజనీరు గొంతు చించుకుని చెబుతున్నాడు.

"రెండు పెద్ద స్టేషన్ల మధ్య ఇంకొక్క చోట బండి ఆగుతుందండీ. ఎక్కడ ఆగాలో మీరే చెప్పాలి. మనిషికో ఆకుపచ్చ చుక్క ఇస్తాం. ఒకే చోట అరవై చుక్కలు పడితే ప్లానులోకి ఎక్కుతుంది. రేపు సాయంత్రం నాలుగింటిదాకా టైముంది. మనసు మారితే మీ చుక్క పీకి ఇంకోచోట అంటించుకోవచ్చు."

"అరవై పడకపోతేనో?" అంది నెరీడా.

"మధ్యలో ఆగదండీ. నేరుగా పోతుంది."

నెరీడా తన చుక్కను పాత ప్లాట్‌ఫారం మీద పెట్టి బొటనవేలితో గట్టిగా నొక్కింది. క్లైవ్ చెయ్యి పట్టుకుని అతని చుక్కను దాని పక్కనే అంటించింది. పని అయిపోయిందనే అనుకుంది. అందరికీ స్టేషన్ కావాలి, స్టేషనేమో అక్కడ ఉండనే ఉంది. ఇంకేం కావాలి?

సాయంత్రం ఆమె మళ్లీ వచ్చి మ్యాపు చూసింది. తట్టు పోసిన పిల్లాడి వీపులా ఉంది. నూటముప్పై చుక్కలు పడ్డాయి, ప్రతి చుక్కా ఎవరి గేటు ముందు వారిది. అన్నిటికన్నా ఎక్కువ పడ్డ చోట పదకొండు. పాత ప్లాట్‌ఫారానికి తొమ్మిది. పట్టాలకు అర కిలోమీటరు దూరంలో ఉన్న డగ్ కూడా తన పడవ నిలబెట్టుకునే వాకిట్లోనే చుక్క పెట్టుకున్నాడు.

"నీకేమైనా మతి పోయిందా డగ్? రైలు నీ వాకిట్లోకి ఎలా వస్తుంది?"

డగ్ ఆమెతో ఒకే బడిలో చదివినవాడు. మొహమాటం లేదు. "ఏం? మీ పెరట్లో ఆగితే స్టేషను, మా వాకిట్లో ఆగితే స్వార్థమూనా?" అన్నాడు సాసేజీ నములుతూ.

ఆ మాట ముల్లులా దిగింది. పైకి మాత్రం "నోరు మూసుకుని తిను" అనేసి వచ్చేసింది.

ఆదివారం తొమ్మిదింటికల్లా ఓట్స్ బిస్కెట్ల డబ్బా చంకన పెట్టుకుని ఇల్లిల్లూ తిరగడానికి బయల్దేరింది. చుక్కలు పాత ప్లాట్‌ఫారానికి మార్పించాలని ఆమె ఎత్తు. బిస్కెట్లు అందరూ తీసుకున్నారు. చుక్క మారుస్తామని ఒక్కరూ అనలేదు. ఆఖరికి ఫుట్‌బాల్ మైదానం పక్కన మూడంతస్తుల ఫ్లాట్లకు వచ్చింది. అక్కడ ఉండేది నేపాలీలు. అందులో ఈశ్వరీ గురుంగ్ ఆమెకు బాగా తెలుసు. వృద్ధుల హోమ్‌లో పని చేస్తుంది, తెల్లవారకముందే సైకిళ్ల దారిన నడిచిపోతూ రోజూ చెయ్యి ఊపుతుంది.

"రండి దీదీ, కూర్చోండి," అని ఈశ్వరి పాల టీ, బియ్యప్పిండితో గారెలా వేయించిన వేడి సెల్ రోటీ ముందు పెట్టింది.

"నిన్న హాలుకు మీరెవరూ రాలేదేం?"

"శనివారం మాకు డ్యూటీ రోజు కదా దీదీ. ఈ ఫ్లాట్లలో డెబ్భై మందిమి ఉన్నాం. అందరం ఆసుపత్రులూ, హోములూ, వంటిళ్లూ. బస్సు మొదలయ్యే టైముకు మా పని సగం అయిపోతుంది."

నెరీడా కళ్లు మెరిశాయి. డెబ్భై! "ఇవాళ నాలుగింటిలోపు వచ్చి నా బెంచీ దగ్గర చుక్కలు పెట్టండి. గట్టెక్కేస్తాం."

ఈశ్వరి టీ గ్లాసు కింద పెట్టింది. "మీరు అడిగారు కాబట్టి నా చుక్క మీకే ఇస్తాను. కానీ దీదీ, జూలై నెల, ఇక్కడి నడి చలికాలంలో, నది మీంచి పొగమంచు ముంచుకొచ్చే టైములో అక్కడిదాకా నడిచాక, ఇంక రైలెందుకు? ఆ మిగిలింది కూడా నడిచేస్తాను. అదే ఇక్కడ మైదానం దగ్గరైతే..." అని ఆగిపోయింది.

"అక్కడ ప్లాట్‌ఫారం ఉంది! బెంచీ ఉంది!" అంది నెరీడా. అన్నాక తనకే వినబడింది, ఎంత చిన్నపిల్ల మాటలా ఉందో. బిస్కెట్ల డబ్బా అక్కడే మర్చిపోయి ఇంటికి వచ్చేసింది.

దారంతా డగ్ మీద కోపం, ఈశ్వరి మీద కోపం, మ్యాపు గీసినవాడి మీద కోపం. ఇంటికి చేరేసరికి కోపం చేసుకోవడానికి తనొక్కతే మిగిలింది. క్లైవ్ రేడియోలో ఆట వింటున్నాడు. 

"లే. నడవాలి," అంది.

"ఎక్కడికి?"

"మైదానం దాకా. ఆరువందల మీటర్లు. నువ్వు నడవగలవో లేదో చూడాలి."

"పై కోసం రెండు కిలోమీటర్లు నడిచిన మగాణ్ణి," అని క్లైవ్ ఆకుపచ్చ కర్ర అందుకున్నాడు.

నడిచారు. సైకిళ్ల దారి చదునుగానే ఉంది. ఒకచోట క్లైవ్ ఏమీ లేనిచోట కాలు తట్టుకుని, ఏమీ లేనిదానికి క్షమాపణ చెప్పాడు. ఇద్దరూ పకపకా నవ్వారు. పదకొండు నిమిషాలు పట్టింది. మైదానం కంచె పట్టుకుని నెరీడా చుట్టూ చూసింది. ఫ్లాట్లు, బడి, బేకరీ, డగ్ వాళ్ల వీధి మొగ. అన్నీ అక్కడికి దగ్గరే. తన ఇల్లు తప్ప.

"నీ కళ్ల కోసమే గేటు ముందు స్టేషన్ కావాలనుకున్నాను క్లైవ్. ఊరంతా అదే చెప్పుకుంటూ తిరిగాను. కాదు. నా బెంచీ కోసం."

"తెలుసు."

"తెలిసీ ఊరుకున్నావా?"

"ఆ రైలు తప్పబట్టే కదా నువ్వు నాకు దొరికావు. ఆ బెంచీని వద్దనడానికి నాకు నోరు రాలేదు."

నెరీడాకు కళ్లు నీళ్లతో నిండాయి. ఆ బెంచీ అంటే ఆమెకు ప్రాణం. అది ఎవరికీ చెప్పుకోలేదు, చెప్పినా నవ్వుతారని. ముక్కు చీదుకుని, మొగుడి చెయ్యి పట్టుకుని నేరుగా హాలుకు నడిచింది.

మూడు దాటింది. హాల్లో పాతికమంది ఉన్నారు. హామిష్ మొహం వేలాడేసుకుని ఉన్నాడు. నెరీడా మ్యాపు దగ్గరికి వెళ్లి గోటితో తన చుక్క లేపింది. అది గట్టిగా అంటుకుంది, అంత సులువుగా రాలేదు. చుక్కను మైదానం దగ్గర అంటించి, క్లైవ్ చుక్కనూ దాని పక్కకే తెచ్చింది.

"డగ్," అంది వెనక్కి తిరక్కుండానే. "నువ్వన్నది నిజమే. మా పెరట్లోది నా స్వార్థమే. నాది తీసేశాను. ఇప్పుడు నీ సంగతి చెప్పు."

డగ్ బట్టతల గోక్కున్నాడు. "స్టేషన్ మాస్టరే బదిలీ అయ్యాక మాబోటివాళ్లం ఎంత?" అంటూ లేచి తన చుక్క పీకాడు. వెనకే బేకరీ ఆవిడ లేచింది. ఆపైన వరస కట్టారు. నాలుగుకు పది నిమిషాలుండగా తలుపు తోసుకుని ఈశ్వరి వచ్చింది, ఒక చేతిలో బిస్కెట్ల డబ్బా, వెనకాల నలభైమంది. వాళ్లకు ఇంకా సంగతి తెలియదు.

"దీదీ, అందరం మాట్లాడుకున్నాం. మీ బెంచీ దగ్గరే పెడతాం. చుక్కలు ఇవ్వండి."

"మీ మొహాలు! అక్కడ కాదు, ఇక్కడ!" అని నెరీడా మైదానం మీద వేలు పెట్టి, ఏడుస్తూ నవ్వింది. ఆ చోట చుక్కలు పట్టక ఒకదాని మీద ఒకటి అంటించారు. హామిష్ రెండుసార్లు లెక్కపెట్టాడు. డెబ్భైమూడు.

ఏప్రిల్‌లో కొత్త మ్యాపు వచ్చింది. మైదానం పక్కన చిన్న గుండ్రటి గీత, చుక్కలు చుక్కలుగా. అంటే ఇంకా ప్రతిపాదనే. ఆ చుక్కలు కలిసి గీత కావడానికి పదేళ్లు పట్టొచ్చు, ఇంకో ఎన్నికలూ పట్టొచ్చు. మాకు అలవాటే.

నెరీడా మాత్రం ఆగలేదు. మే నెల మొదటి శనివారం డగ్ తన పడవను దింపి, ట్రైలరు తీసుకొచ్చాడు. ఆరుగురు కలిసి బెంచీని ఎక్కించారు. దాని ఇనప కాళ్లు ఉన్నచోట నాలుగు గుంటలు మిగిలాయి. వాటి మీద ఆమె కాలితో మట్టి కప్పింది. బెంచీని మైదానం కంచె పక్కన, పట్టాలకు ఎదురుగా దింపారు. ఇక్కడా ఎవరో వద్దని ఉత్తరం రాస్తారు. రానీ, చలికాలం ఎలాగూ వస్తోంది.

సాయంత్రం నెరీడా, క్లైవ్ బెంచీ మీద కూర్చుని రేవు నుంచి తెప్పించుకున్న పై చెరి సగం తింటున్నారు. డ్యూటీ నుంచి నడిచొస్తూ ఈశ్వరి వాళ్ల పక్కన కూలబడి బూట్లు విప్పింది. కాళ్లు చాపుకుని ఖాళీ పట్టాల వైపు చూసింది.

"రైలెప్పుడు దీదీ?"

ఎప్పుడూ చెప్పే జవాబు నాలిక చివరిదాకా వచ్చింది. నెరీడా దాన్ని మింగేసి, తన వాటా పైలోంచి ఒక ముక్క తుంచి ఈశ్వరి చేతిలో పెట్టింది.

"పోయినసారి నేను ఆలస్యం," అంది. "ఈసారి మనమే ముందొచ్చాం. తిను."