మూడో రకంలోనే దొరికే సీటు

ఆసుపత్రిలో ఆమెను అందరూ స్టీరింగక్క అంటారు. పంతొమ్మిదేళ్లుగా అంబులెన్సు నడుపుతోంది. మనిషి నాలుగడుగుల పది అంగుళాలు. ఎవరైనా ఆ మాటెత్తితే, "పొట్టిదాన్నే. ఆలస్యంగా మాత్రం ఏనాడూ రాలేదు" అని ఊరుకుంటుంది. ఇన్నేళ్లూ పక్కన నర్సు, వెనక మూలిగే మనిషి, నెత్తిన సైరను. తనకు నచ్చిన దారిన, తన కోసమే నడుపుకునే బండి ఒకటుండాలని ఆమెకు కోరిక.

అదీ ఏదో ఒక బండి కాదు. నేలకు దగ్గరగా ఉండి, తొక్కగానే చెంగున దూకే సెడాన్. అలాంటివి ఇన్నాళ్లూ ఉన్నవాళ్ల వాకిళ్లలోనే కనిపించేవి. ఈ ఏడాది ఒక కంపెనీ మామూలు జీతగాళ్లకూ అందేలా ఒకటి తెచ్చింది. ఓ రోజు సిగ్నల్ దగ్గర అంబులెన్సు పక్కనే ఆగిన అలాంటి ఎర్రబండి ఒకటి, పచ్చలైటు పడీ పడగానే కనుమరుగైపోయింది. ఆ పూట స్టీరింగక్కకు ముద్ద దిగలేదు.

మొగుడు దర్జీ. సైకిలు తప్ప మరోటి నడపడం చేతకాదు. ఇద్దరూ కలిసి షోరూమ్‌కు వెళ్లారు. సేల్స్‌మన్ నడివయసువాడు. ఎదురొచ్చి దర్జీకి నమస్కారం పెట్టాడు.

"ఇందులో మూడు రకాలు సార్. మొదటిది మామూలు ఇంజను, ఇనప చక్రాలు. రెండోదానికి తొక్కగానే దూకే టర్బో ఇంజను, చేత్తో మార్చే గేర్లు. మూడోదాంట్లో అదే టర్బో, కానీ గేర్లు వాటంతటవే పడతాయి. అలాయ్ చక్రాలు, నెత్తిన తెరుచుకునే సన్‌రూఫ్, లోపల అరవైనాలుగు రంగుల లైట్లు..."

"నడిపేది మా ఆవిడండీ," అన్నాడు దర్జీ.

"అలాగే సార్. మేడమ్‌గారికి ఏ రంగు ఇష్టం సార్?"

స్టీరింగక్క ఆ మాట వినిపించుకోలేదు. రెండో రకం బండి తలుపు తీసి ఎక్కి కూర్చుంది. డాష్‌బోర్డు ముక్కుదాకా వచ్చింది. బానెట్ అసలు కనిపించలేదు. సీటు పక్కన చేత్తో తడిమి చూసింది.

"సీటు పైకి లేపే పిడి ఏదండీ?"

"అది మూడోదాంట్లోనే వస్తుంది మేడమ్."

"నాకు ఈ ఇంజను, ఈ గేర్లు, ఆ సీటు కావాలి."

"ఆ సీటు కావాలంటే దాంతోపాటు సన్‌రూఫ్ వచ్చేస్తుంది మేడమ్."

"నాకు ఆకాశంతో పనేముందండీ? కనిపించాల్సింది రోడ్డు."

మూడో రకం నడిపి చూడమన్నాడు. పిడి లాగి సీటు లేపుకోగానే బానెట్ చివరిదాకా కనిపించింది. వంపుల్లో బండి నేలను కరుచుకుని పోయింది. అయినా గేరు మారాల్సిన చోటల్లా ఎడమకాలు క్లచ్ కోసం వెతుక్కుంది. తన పని ఇంకెవరో లాక్కుని చేస్తున్నట్టు చిరాకేసింది.

"రెండోదానికే ఆ సీటు పెట్టించలేరా?" అని అడిగింది దిగాక.

"కంపెనీకి రాస్తాం మేడమ్. అయిపోతుంది."

ఆ 'అయిపోతుంది'ని నమ్ముకుని రెండో రకం బుక్ చేసింది. ఆరు వారాల్లో నాలుగుసార్లు ఫోన్ చేసింది. నాలుగుసార్లూ అదే మాట. తీరా బండి వచ్చిన రోజున సెలవు పెట్టి వెళ్తే, రిబ్బను కట్టి, పట్టుగుడ్డ కప్పి ఉంచారు. గుడ్డ తీశారు, ఫొటో తీశారు. స్టీరింగక్క ఎక్కి సీటు పక్కన చెయ్యి పెట్టింది. పిడి లేదు.

"డిక్కీ మీద అందానికి రెక్కలా స్పాయిలర్ ఉచితంగా వేయించాం మేడమ్," అన్నాడు సేల్స్‌మన్, ఎటో చూస్తూ.

ఆమె నేరుగా మేనేజరు గదిలోకి నడిచింది. వెనకే దర్జీ. మేనేజరు కుర్చీలోంచి లేవకుండానే, "రాశామమ్మా, జవాబు రాలేదు. మీకు కావాలంటే మంచి కుషన్ ఇప్పిస్తాను," అన్నాడు.

"బ్రేకు గట్టిగా తొక్కితే కుషన్ జారుతుంది సార్. నేనెక్కడ కూర్చుని రోడ్డు చూస్తానో మీకు తెలియాలి." అంటూ బల్ల చుట్టి వెళ్లి, ఆయన కుర్చీ కింద పిడి ఎత్తింది. కుర్చీ బుస్సుమంటూ దిగిపోయింది. బల్ల మీద మేనేజరు గడ్డం మాత్రం మిగిలింది.

"ఇప్పుడు కిటికీలోంచి ఆ చివరి బండి నంబరు చదవండి."

ఆయన మెడ సాచాడు. చదవలేకపోయాడు.

"కొలత తీసుకోకుండా చొక్కా కుట్టి ఇస్తే నా కొట్లో ఎవరూ ఊరుకోరు సార్," అన్నాడు దర్జీ మెల్లగా.

ఆ రోజు ఆమె తాళం తీసుకోలేదు. మేనేజరు సిగ్గుపడ్డాడో భయపడ్డాడో గానీ, ఆమె ముందే కంపెనీకి మళ్లీ రాశాడు. ఆ సీటు కింద వైర్లు వేరని, మారిస్తే ఎయిర్‌బ్యాగుకు పూచీ ఉండదని, వీల్లేదని తొమ్మిది రోజులకు రెండు వాక్యాల జవాబు వచ్చింది. రెండో రకం కొన్నవాళ్లు ఎత్తుగా ఎందుకు ఉండాలో అందులో లేదు.

వారమంతా స్టీరింగక్క ఇంట్లో గిన్నెలు గట్టిగా పెట్టింది. కనపడని రోడ్డు మీద బండి నడిపితే ఏమవుతుందో ఆమె పంతొమ్మిదేళ్లుగా ఆసుపత్రికి మోస్తూనే ఉంది. చివరికి మూడో రకమే తీసుకుంది.

మొదటి ఆదివారం దర్జీని ఎక్కించుకుని ఊరి బయటికి పోయింది. పైకెక్కే రోడ్డులో ముందున్న బస్సును దాటబోతే, గేరు ఏది వెయ్యాలా అని బండి ఒక్క క్షణం తటపటాయించింది. "అబ్బా, నేనైతే ఈపాటికి వేసేదాన్ని," అని పళ్లు నూరింది. దర్జీ ఆకాశాన్ని తెరిచి, మళ్లీ మూసి, లైట్ల రంగులు మారుస్తూ కూర్చున్నాడు.

ఇంతలో ఫోను మోగితే దర్జీయే తీశాడు. బండి కొన్న అనుభవానికి పదిలో ఎన్ని మార్కులిస్తారని షోరూమ్ నుంచి రికార్డు గొంతు.

"ఎంత చెప్పమంటావు?"

"మనిషిని పిలవమను, చెప్తాను," అంది స్టీరింగక్క.

మనిషి రాలేదు. అంకె నొక్కమని ఆ గొంతు మూడుసార్లు అడిగి, కృతజ్ఞతలు చెప్పి పెట్టేసింది.